గాజుగొట్టంలో నీటిగీత

ప్లాంటులో చేరిన రోజు నేను అడిగిన మొదటి ప్రశ్న "ఫ్రిజ్ ఎక్కడుంది సార్?" అని.

గాలిని మైనస్ నూట ఎనభై డిగ్రీల దాకా చల్లబరిచి, ద్రవంగా మార్చి, అందులోంచి ఆక్సిజన్, నైట్రోజన్ విడదీస్తారని డిప్లొమాలో చదువుకున్నాను. అంత చల్లదనానికి ఎంత పెద్ద ఫ్రిజ్ ఉండాలో అనుకుంటూ కర్నూలు నుంచి షేర్ ఆటోలో కల్లూరు వైపు వచ్చాను. వచ్చి చూస్తే ఒక రేకుల షెడ్డు, అందులో చెవులు దిబ్బళ్లు వేసే కంప్రెసర్, షెడ్డు పక్కన మేడంత ఎత్తున తెల్లరంగు వేసిన చదరపు డబ్బా, దూరంగా నీళ్లు జారే కూలింగ్ టవర్. ఎక్కడా చలి జాడ లేదు. కంప్రెసర్ దగ్గర నిలబడితే రొట్టెల పొయ్యి ముందు కూర్చున్నట్టుంది.

నా ప్రశ్న విని పక్కనున్న ఇద్దరు నవ్వారు. నాకు పని నేర్పడానికి ఒప్పజెప్పిన సీనియర్ ఆపరేటర్ మాత్రం నవ్వలేదు.

"ఫ్రిజ్జు ల్యాదు మ్మా. గాలే గాలిని సల్లబరుచుకుంటాది. పా, సూపిస్తా" అన్నారు.

ఆయనకు యాభై ఏడేళ్లు. కడప వైపు నేత ఊరు. తండ్రి, తాత గుంట మగ్గంలో కాళ్లు పెట్టుకునే బతికారు. ఈయన ఐ.టి.ఐ. చదివి ఆక్సిజన్ ప్లాంట్ల వైపు వచ్చేశారు. సన్నటి మనిషి, ఎప్పుడూ ఇస్త్రీ చొక్కా, మాట మెత్తన. మొదటి వారం సార్ అన్నాను. తర్వాత నాకు తెలియకుండానే చిన్నాయనా అని పిలవడం అలవాటైంది. ఆయనా వద్దనలేదు.

ఆ రోజు ఆయన నన్ను తీసుకెళ్లింది యంత్రాల దగ్గరికి కాదు, గేటు దగ్గరికి. సెక్యూరిటీ అతని సైకిల్‌కు పంపు తగిలించి గబగబా గాలి కొట్టి, పంపు అడుగున చెయ్యి పెట్టి చూడమన్నారు. కాలుతోంది. తర్వాత ట్యూబు వాల్వు నొక్కి, బుస్సుమని వచ్చే గాలికి నా మణికట్టు అడ్డం పెట్టమన్నారు. చల్లగా తగిలింది.

"ఒత్తితే వేడి. వదిలితే సలవ. ఇంతే మన ప్లాంటు. ఒత్తినప్పుడు పుట్టిన వేడిని నీళ్లతో కడిగి పారేస్తాం. తర్వాత వదుల్తాం. ఊరికే వదిలితే రొంత సల్లబడతాది. దాంతో పని చేయించుకుంటా వదిలితే శానా సల్లబడతాది. ఆ టర్బైన్ సక్రం తిప్పేదానికి గాలి తన వొంట్లో ఉండే వేడినే కర్సు పెట్టుకోవాల గదా."

మూడేళ్లు తరగతిలో విన్నది ఆ రోజు మణికట్టు మీద అర్థమైంది.

మాది కోసిగి దగ్గర పల్లె. వానలు సరిగ్గా పడని ఏడాది, అంటే దాదాపు ప్రతి ఏడాదీ, మా అమ్మానాన్నలు గుంటూరు వైపు మిరప కోతలకు పోయేవారు. నేను ఐదో తరగతి నుంచి హాస్టళ్లలోనే పెరిగాను. కరోనా రోజుల తర్వాత ఆక్సిజన్ అంటే ఏమిటో మా ఊళ్లో అందరికీ తెలిసింది. అందుకని నా ఉద్యోగం గురించి అమ్మ గొప్పగానే చెప్పుకునేది, కానీ అక్కడ నేనేం చేస్తానో ఆమెకు పట్టుబడలేదు. ఒకసారి కోతలకు పోతూ దారిలో నన్ను చూడటానికి వచ్చింది. నాన్న మూటలతో బస్టాండులో ఉండిపోయాడు. అమ్మ ఒక్కతే ఆటో ఎక్కి జొన్నరొట్టెలు, శెనక్కాయల ఊరిబిండి గుడ్డలో కట్టుకుని గేటు దగ్గర దిగింది.

లోపలికి బయటివాళ్లను పంపరు. సెక్యూరిటీ గదిలోనే కూర్చోబెట్టాను. సంగతి తెలిసి చిన్నాయన కూడా వచ్చారు.

"మా పాప ఈడ ఏం పని చేస్తాదప్పా?" అని అడిగింది అమ్మ.

"గాలిని నీళ్ల మాదిరి చేస్తాది మ్మా."

అమ్మ ఒక్క క్షణం ఆలోచించి, "అట్లయితే ఆ నీళ్లేవో రొంత మా చేన్లో పొయ్యండప్పా" అంది.

ఆయన కళ్లనీళ్లు వచ్చేలా నవ్వారు. అమ్మ నవ్వలేదు. తనకు కావలసింది ఇంకా తెలియలేదు. "మరి అంత సలవ యాడ నుంచి తెస్తారు?" అంది.

గదిలో మూలన తడిగుడ్డ చుట్టిన మట్టికడవ ఉంది. ఆయన దాన్ని చూపించారు. "దీంట్లో నీళ్లు ఎట్ల సల్లగుండాయి మ్మా?"

"కడవ చెమరుస్తాది గదా. చెమర్చింది ఆరిపోతా వేడి ఎత్తుకొని పోతాది."

"ఈడ గూడా అంతే. మన సీమ ఎండగాలి మాదిరి, చెమ్మ అనేదే లేని గాలి ఒకటి మాకి మిగుల్తాది. దాన్ని నీళ్ల మీద తోల్తాము. అది నీళ్లను తాగి వేడిని మోసుకొని ఆకాశంలోకి పోతాది. మిగిలిన నీళ్లు సల్లబడతాయి. ఆ సల్లనీళ్లతో కంప్రెసర్ నుంచి వచ్చే వేడిగాలికి స్నానం చేయిస్తాం. ఇంకా శానా పనులుండాయి గానీ మొదలు ఇదే."

"అంటే సలవ తెచ్చేది ఏం ల్యా. వేడిని తీసి అవతల పారేసేది" అంది అమ్మ.

ఆయన నా వైపు తిరిగి, "నీకి మూడు నెల్లు పట్టింది ఈ మాట అనేదానికి" అన్నారు.

చిన్నాయన చెప్పిన ఆ 'స్నానం' జరిగేది ఒక నిలువు టవరులో. వేడిగాలి కింద నుంచి పైకి పోతుంది. చల్లనీళ్లు పైనుంచి కిందికి జారతాయి. జారిన నీళ్లు టవరు అడుగున నిలుస్తాయి. ఆ నీటిమట్టం ఎప్పుడూ సగానికి ఉండేలా చూడాలి. నీళ్లు ఎక్కువై గాలి వచ్చే దారిదాకా లేస్తే, గాలి ఆ నీళ్లను చిలికి తనతో పాటు మోసుకుపోతుంది. టవరు తర్వాత వచ్చే డ్రమ్ముల్లో సగ్గుబియ్యంలాంటి తెల్లటి గుళికలు ఉంటాయి. గాలిలో మిగిలిన కాస్త చెమ్మనూ, కార్బన్ డయాక్సైడునూ అవి పీల్చుకుంటాయి. వాటి మీద నీళ్లు పడితే ఇక ఏమీ పీల్చలేవు. అప్పుడు ఆ చెమ్మ, ఆ వాయువు తెల్ల డబ్బాలోకి, అంటే కోల్డ్‌బాక్స్‌లోకి పోయి, వెంట్రుకంత సందుల్లో గడ్డకట్టి కూర్చుంటాయి. ఒకసారి అట్లా అయితే ప్లాంటు వారాల తరబడి లేవదు. చేరిన కొత్తలో చిన్నాయన నాతో పది సార్లు వల్లె వేయించిన పాఠం ఇదే.

ఆ నీటిమట్టం కంట్రోల్ రూములో మా తెర మీద అంకెగా కనిపిస్తుంది. అంకెను నమ్మి ఊరుకోకూడదు కాబట్టి, గంటకొకసారి ఒకరు టవరు దగ్గరికి పోయి, పక్కన బిగించిన గాజుగొట్టంలో నీటిగీత ఎక్కడుందో కంటితో చూసి కాగితంలో రాయాలి.

చిన్నాయనకు ప్లాంటులో ఒక పేరుంది. ఆయన మీటర్లు చూడరు, పైపు పట్టుకుని ఎంత వేడుందో చెబుతారు. అరచెయ్యి ఆనించి "నలభై రెండు" అంటారు. మీటరులో చూస్తే నలభై రెండో నలభై మూడో ఉంటుంది. టర్బైన్ మోత విని "కాస్త ముక్కుతాంది, లోడు తగ్గించు" అంటారు. ఎవరైనా పెద్ద ఆఫీసర్లు వస్తే మా మేనేజరు ఆయన్ను పిలిచి ఈ విద్య చూపించేవారు. ఆయన సిగ్గుపడుతూ పైపు పట్టుకునేవారు. నేనూ ఆ విద్య నేర్చుకోవాలని చేతులు కాల్చుకున్నాను.

ఇంకొన్ని చిన్న సంగతులు కూడా ఉన్నాయి. ఫోన్లో మెసేజీ వస్తే నా చేతికిచ్చి "ఏమనిండారో సదువు మ్మా" అనేవారు. మెట్లు దిగేటప్పుడు కడ్డీని వదిలేవారు కాదు. కాంటీన్‌లో ఉగ్గానిలో పచ్చిమిరపకాయ ఏరడానికి వేళ్లతో తడిమేవారు. పెద్దవయసు, అంతే అనుకున్నాను. ఇప్పుడు ఆలోచిస్తే అవన్నీ ఒకే సంగతి. అప్పుడు మాత్రం విడివిడిగానే కనిపించాయి.

మే నెలలో ఒక మధ్యాహ్నం జరిగింది అసలు విషయం. రెండు గంటలకు మొదలయ్యే షిఫ్టు. బయట ఎండ ఎట్లుందంటే, గేటు నుంచి కంట్రోల్ రూముకు నడిచేలోపు చెప్పులు మెత్తబడినట్టు అనిపించింది. అట్లాంటి రోజుల్లో కంప్రెసర్‌కు వేడిగాలి దొరుకుతుంది, కూలింగ్ టవర్ ఎంత కష్టపడ్డా నీళ్లు చాలినంత చల్లబడవు. అందుకని నీళ్ల పంపులు నిండుగా నడుస్తున్నాయి. నేను కంట్రోల్ రూములో ప్యానెల్ మీద, అంటే తెరల ముందు కూర్చున్నాను. చిన్నాయన బయట ఫీల్డులో, యంత్రాల దగ్గర ఉన్నారు.

మూడు దాటిన తర్వాత నా కన్ను నీటిమట్టం అంకె మీద పడింది. అది కదలడం లేదు. నీళ్లనేవి ఊరికే ఉండవు, ఆ అంకె ఎప్పుడూ కొద్దిగా పైకీ కిందికీ ఊగుతూనే ఉంటుంది. దాని గీతను వెనక్కి జరిపి చూస్తే గంటసేపటి నుంచి తాడు లాగి కట్టినట్టు తిన్నగా ఉంది.

వాకీటాకీ తీసుకుని అడిగాను. "చిన్నాయనా, టవర్ లెవెల్ యాడుండాది?"

"సగానికి ఉండాది మ్మా. బాగుండాది."

కాస్త నెమ్మదించాను. ఐదు నిమిషాలు కాకముందే టవరు దాటిన గాలి ఒత్తిడి వణకడం మొదలైంది. మళ్లీ అడిగాను.

"ఇంకోసారి సరిగ్గా సూడండి చిన్నాయనా."

"సగమే మ్మా" అన్నారు.

ప్యానెల్ వదిలి పోకూడదు. అయినా కంప్రెసర్ చూసే అతన్ని పిలిచి నా కుర్చీలో కూర్చోబెట్టి టవరు దగ్గరికి పరుగెత్తాను. చిన్నాయన అక్కడే ఉన్నారు. గాజుగొట్టం పక్కన పైపు మీద చెయ్యి ఆనించి నిలబడ్డారు. గొట్టం చూశాను. లోపల ఉప్పు పట్టి తెల్లబారింది. గీత ఎక్కడా లేదు. నీళ్లు పూర్తిగా నిండిన గొట్టమూ, పూర్తిగా ఖాళీ అయిన గొట్టమూ ఒక్కలాగే ఉంటాయని, రెండిట్లోనూ గీత కనిపించదని ఆయనే నాకు చెప్పారు. అడుగున ఉన్న చిన్న వాల్వు తిప్పాను. నీళ్లు చిమ్మాయి. ఎంతసేపు వదిలినా తగ్గలేదు. టవరులో నీళ్లు గొట్టం పైకొసను దాటి ఎక్కడికో పోయాయి.

తిరిగి పరుగెత్తాను. తెర మీద, గుళికల డ్రమ్ము దాటిన గాలిలో ఎప్పుడూ సున్నా దగ్గర పడుకుని ఉండే కార్బన్ డయాక్సైడు అంకె లేవడం మొదలుపెట్టింది. ప్లాంటును ఆపే అధికారం ప్యానెల్ మీదున్నవాళ్లకు ఉంటుంది. కాగితం మీద ఉంటుంది. నేను చేరాక ఎవరూ మేనేజరును అడక్కుండా ఆపింది చూడలేదు. అయినా కోల్డ్‌బాక్స్‌కు గాలి కట్టేశాను, టర్బైన్ ఆపాను, తర్వాత కంప్రెసర్ ఆపాను.

టర్బైన్ గొంతు సన్నగిల్లుతూ, సన్నగిల్లుతూ ఆగిపోయింది. అంత నిశ్శబ్దం ఆ ప్లాంటులో నేనెప్పుడూ వినలేదు. కాంటీన్‌లో గిన్నెలు కడిగే చప్పుడు వినిపించింది.

పంపులు కట్టేయడానికి మళ్లీ టవరు దగ్గరికి పోయాను. చిన్నాయన అక్కడి నుంచి కదల్లేదు.

"నాకి కనపడలేదు మ్మా" అన్నారు.

"ఉప్పు పట్టి ఉండాది గదా, ఎవరికి కనపడతాది?"

"ఉప్పు గాదు. నాకి ఏం కనపడదు. పోయిన దసరా నుంచి అంతా మంచు పట్టినట్టు ఉండాది. నీ మొగం గూడా నీ మాటను బట్టే నాకి తెలుస్తాది."

"మరి రీడింగులు ఎట్ల రాస్తాండారు?"

"సగం అని రాస్తాంటి. ఎప్పుడూ సగమే ఉంటాది గదా మ్మా. రిటైరయ్యేదానికి ఇంకా పది నెల్లుండాది నాకి. ఆ పది నెల్లు ఎట్లనో నెట్టుకొస్తామనుకుంటి. కండ్లు ల్యావంటే పని మానిపిస్తారని ఎవురికీ సెప్పలేదు. ఇంట్లో గూడా సెప్పలేదు" అన్నారు.

ఆయన మీద కోపం రావాలి. రాలేదు. పైపు మీద ఇంకా ఆనించి ఉన్న ఆ చెయ్యినే చూశాను. మేమందరం చప్పట్లు కొట్టిన విద్య అది.

మేనేజరు పది నిమిషాల్లో వచ్చారు. కోస్తా మనిషి, నలభై దాటాయి. కుటుంబాన్ని అక్కడే వదిలి కర్నూలులో ఒంటరిగా ఉంటారు. ఆస్పత్రులకు పోయే ట్యాంకర్ల బాధ్యత ఆయనదే. చొక్కా మొత్తం తడిసిపోయింది. నిలబడే తెర మీది గీతలన్నీ వెనక్కి జరిపి చూసుకున్నారు.

"ఆపడం మంచిదైంది. ఇంకో పది నిమిషాలు నడిచుంటే లోపల రాయి కట్టేది" అన్నారు నాతో. తర్వాత రీడింగుల కాగితం చేతిలోకి తీసుకున్నారు. "తెర మీది మీటరు పట్టేసింది, సరే. మరి రెండు గంటలకీ, మూడు గంటలకీ ఇక్కడ సగం అని ఎందుకుంది?"

చిన్నాయన నా వెనకే నిలబడి ఉన్నారు. ఆయన నోరు తెరిచేలోపే నేను, "గాజు మీద ఉప్పు పట్టింది సార్. ఏమీ కనపడటం లేదు. ఎవరు చూసినా పొరపాటు పడతారు" అన్నాను.

అది సగం నిజం. దయతోనే చెప్పానని అనుకున్నాను.

"గాజులు తుడిచేది ఎవరు?"

తుడిచేది ఆలూరు వైపు నుంచి వచ్చిన ఒక కాంట్రాక్టు కూలీ. నలభై ఏళ్ల మనిషి. వాన లేక చేను బీడుపెట్టి, కల్లూరులో రేకుల గదిలో భార్యతో ఉంటున్నాడు. నేను పేరు చెప్పలేదు. చెప్పనవసరం లేకపోయింది, ఆ పని చేసేది అతనొక్కడే. మేనేజరు ఫోను తీసి కాంట్రాక్టరుకు కలిపారు. "ఆ గాజులు తుడిచే మనిషిని రేపట్నుంచి పంపకండి" అన్నారు.

నేను నిలబడే ఉన్నాను. మా నాన్నలాంటి మనిషిని ఒక్క మాటతో పనిలోంచి తీయించాను, అది దిద్దడానికి ఇంకో మాట చాలు, ఆ మాట నాకు రాలేదు. ఇది ఎందుకు రాస్తున్నానంటే, ఆ రోజు ప్లాంటును ఆపినందుకు నన్ను చాలామంది మెచ్చుకున్నారు. ఈ సంగతి వాళ్లకు తెలియదు.

"సార్, ఫోను పెట్టెయ్యొద్దండి" అన్నారు చిన్నాయన. "తప్పు గాజుది గాదు. నా కండ్లవి. ఆ మనిషిని ఏమనొద్దండి. ఈ పాపనీ అనొద్దండి, నా కోసం సెప్పింది."

మేనేజరు ఫోను చెవికి అట్లాగే పెట్టుకుని ఆయన వైపు చూశారు. తర్వాత ఫోనులో, "ఇప్పుడు చెప్పింది వద్దు. అతన్ని పంపండి. మళ్లీ మాట్లాడతాను" అని కట్టేశారు. కుర్చీలో కూర్చున్నారు.

"ఎప్పట్నుంచి?"

"ఎనిమిది నెల్లయితాంది సార్."

మేనేజరు అరుస్తారని అనుకున్నాను. అరవలేదు. "ముందు ప్లాంటు లేపుదాం. లేచాక మనం మాట్లాడుకుందాం" అన్నారు. నా వైపు మాత్రం ఒకసారి చూశారు. ఆ చూపు నాకు ఇప్పటికీ గుర్తుంది.

ట్యాంకులో నిల్వ ఉన్న ద్రవ ఆక్సిజన్ ఆస్పత్రులకు సరిపోయింది. తక్కువైన కొంత వేరే ప్లాంటు నుంచి తెప్పించారు. ఎవరికీ ఆక్సిజన్ ఆగలేదు. మాకు మాత్రం వారం పట్టింది. వేడి నైట్రోజన్ పంపి గుళికలను ఎండబెట్టాం. లోపలికి కొంచెమైనా చెమ్మ చేరిందేమోనని కోల్డ్‌బాక్స్‌నంతా వెచ్చబరిచి, పొడిగాలితో ఊది, మళ్లీ మొదటి నుంచి చల్లబరచడం మొదలుపెట్టాం.

ప్లాంటును మామూలు వేడి నుంచి కిందికి దించడం నేను చూడటం అదే మొదలు. నా పగటి షిఫ్టులన్నిట్లోనూ చిన్నాయన నా పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నారు. మేనేజరే కూర్చోమన్నారు.

చల్లబరచడం ఎంత నిదానంగా జరుగుతుందో చెప్పినా నమ్మలేరు. టర్బైన్‌లోకి పోయిన గాలి పని చేసి, కాస్త చల్లబడి బయటికొస్తుంది. దాన్ని వదిలేయరు. లోపలికి వచ్చే కొత్త గాలి పక్కనుంచి, మధ్యలో పలచటి అల్యూమినియం రేకు మాత్రమే అడ్డంగా, వెనక్కి నడిపిస్తారు. పోయే గాలి తన చల్లదనాన్ని వచ్చే గాలికి ఇచ్చి పోతుంది. అందుకని వచ్చే గాలి ఇంతకుముందు కన్నా చల్లగా టర్బైన్ చేరుతుంది, ఇంకా చల్లగా బయటపడుతుంది, తన వెనక వచ్చేదానికి ఇంకొంచెం ఎక్కువ ఇస్తుంది. అట్లా మెట్టు మెట్టుగా దిగాలి. ఆ తెల్ల డబ్బా గోడల్లో బొరుగుల పొడిలాంటి తేలికైన తెల్లపొడిని నింపి ఉంచుతారు, బయట కర్నూలు ఎండ లోపలికి పోకుండా.

"మా నాయన మగ్గం మీద దినమంతా కూసుంటే మూడు గజాలు దిగేది" అన్నారు చిన్నాయన. "ఇది గూడా అంతే. బిన్నా బిన్నా, తొందరగా కావాలంటే కాదు."

మొదటి రోజుకు సున్నా దాటి కొంత కిందికి పోయాం. రెండో రోజుకు మైనస్ నూరు. అంకెలు నేను చదివాను, మోత ఆయన విన్నారు. ఒకసారి ఆయన తల పక్కకు వంచి, "గొంతు మారింది, రొంత ఆగు" అన్నారు. చూస్తే టర్బైన్ వెనక ఉష్ణోగ్రత ఉండాల్సినదాని కన్నా వేగంగా పడిపోతోంది. తిరిగే చక్రంలో గాలి ద్రవంగా మారితే చక్రం దెబ్బతింటుంది. నేను తగ్గించాను. ఆయన చెవికి ఏ లోపమూ లేదు. మూడో రోజు పదకొండు గంటల వేళ, అడుగున ఆక్సిజన్ మట్టం చూపించే అంకె సున్నా నుంచి లేచింది. మొదటి ద్రవం పడింది. ఆయనకు చదివి చెప్పాను. "మళ్ల సదువు" అన్నారు. మళ్లీ చదివాను.

ఆ తర్వాతి వారం మేనేజరు ఆయన్ను తన కారులోనే కంటి ఆస్పత్రికి తీసుకెళ్లారు. రెండు కళ్లలోనూ శుక్లాలు ముదిరిపోయాయి. ఒకదానికి ఆపరేషన్ చేస్తే చూపు బాగా వచ్చింది. రెండోదాంట్లో షుగరు వల్ల వెనక నరం దెబ్బతింది, సగమే వచ్చింది. ఆయన్ను మళ్లీ ఫీల్డులోకి పంపలేదు. కొత్తగా చేరినవాళ్లకు పాఠం చెప్పే పని ఇచ్చారు. పది నెలలూ ఆ పని చేసి రిటైరయ్యారు. మిగతా ఆపరేటర్లందరికీ కంటి పరీక్షలు చేయించారు. వాళ్లలో ఇంకొకాయనకు కూడా అద్దాలు మార్చాల్సి వచ్చింది.

మేనేజరు నన్ను పిలిచి మందలించారు. అబద్ధం మీద నడిచే ప్లాంటు పేలే ప్లాంటు అన్నారు. అంతా విని లేవబోతుంటే, "ఆయన పైపు పట్టుకుని డిగ్రీలు చెబితే అందరికీ గొప్పగా చూపించాను. మీటరు ఎందుకు చూడటం లేదని ఒక్కసారైనా అడగలేదు" అన్నారు. నేనూ అడగలేదు కదా.

ఆలూరు అతనికి ఇవేవీ తెలియవు. మేనేజరు పంపమన్నా కాంట్రాక్టరు అతన్ని ఒక పూట ఆపి, ఎందుకో చెప్పకుండా మళ్లీ పంపాడు. అతను కనిపించినప్పుడల్లా నేను తల తిప్పుకుని పోయేదాన్ని. మూడు వారాలు అట్లా తిరిగాక ఒక మధ్యాహ్నం, అతను కూలింగ్ టవర్ నీడలో, తుంపర పడే చోట కూర్చుని సద్ది విప్పుకుంటుంటే పోయి ఎదురుగా నిలబడ్డాను.

"అన్నా, ప్లాంటు ఆగిన దినం నీవు గాజు సరిగ్గా తుడవలేదని నేను సార్‌కి సెప్పినా. నిన్ను ఒగ పూట ఆపింది అందుకే."

అతను ముద్ద కలపడం ఆపాడు. "తుడిచింటి గదమ్మా. ఆ సోమవారమే తుడిచింటి."

"తెలుసు."

"అది లోపల పట్టిన ఉప్పు. పైన ఎంత తుడిస్తే ఏం పోతాది? గొట్టం ఇప్పి లోపల కడగాల. ఇప్పేదానికి నాకి పర్మిషన్ ల్యా. ఎవురన్నా అడిగితే సెప్పేవాణ్ణి."

"ఎవరూ అడగలేదా?"

"కూలోణ్ణి ఏమడుగుతారు?" మాటలో కోపం లేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. కాసేపు నన్నే చూసి, "నీవు సెప్పకుంటే నాకి తెలిసేదే కాదు. ఇప్పుడెందుకు సెప్తాండావు?" అన్నాడు.

"సెప్పకుండా ఉండలేకపోయినా అన్నా. తప్పయింది."

అతను పరవాలేదని అనలేదు. అనాలని నేను ఎదురుచూసిన మాట నిజం. ముద్ద నోట్లో పెట్టుకుని నిదానంగా నమిలి మింగాడు. నీళ్లు తాగాడు. తర్వాత, "ఆ టవరుదే గాదు, నీళ్లు సల్లబరిచే చిల్లర్ పక్కన ఉండే రెండు గొట్టాలు గూడా లోపల తెల్లగైనాయి. తిన్నంక సూపిస్తా, రా" అన్నాడు.

కాగితం, పెన్ను తీసుకుని అతని వెంట పోయాను. రెండు కాదు, ఐదు చూపించాడు. ఐదూ రాసుకుని, ఎవరు చెప్పారన్న చోట అతని పేరు రాసి మేనేజరు బల్ల మీద పెట్టాను.